ఏడో కమాను

పోయిన వారం మీరు నన్ను ఎక్కడ వదిలేశారో నేను అక్కడే ఉన్నాను. పాండురంగం మామ ఇంటి ముందు చెప్పులు విడిచి, తలుపు కొట్టడానికి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే పెట్టుకొని నిలబడ్డాను. వారం రోజులు ఒక మనిషి అలా నిలబడతాడా అని మీరు అడగొచ్చు. చెప్పాల్సిన మాట గొంతులో ఇరుక్కుంటే పదకొండు రోజులైనా నిలబడతాడు, నన్ను చూడండి.

ఇవాళే చదవడం మొదలుపెట్టినవాళ్లకు నా గొప్పతనం నాలుగు ముక్కల్లో చెబుతాను. నా పేరు సదానందం. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేస్తాను. పరకాల అవతల ఒక ఊరి మసీదుకు, రంజాన్ నెల పడేలోపల ఇస్తామని ఒప్పుకొని, ఒక పెద్ద నమాజు జంపఖానా నేసి ఇచ్చాం. మాది ఎనిమిది అడుగుల మగ్గం, దాని మీద ఇద్దరు పక్కపక్కన కూర్చొని నేయాలి. ఎడమ సగం నాకు పని నేర్పిన పాండురంగం మామది, కుడి సగం నాది. ఇద్దరి సగాల్లోనూ వరుసగా పన్నెండేసి కమానులు వస్తాయి. ఒక్కో కమాను ఒక్కో మనిషి నిలబడి నమాజు చేసుకునే జాగా, అందుకని అన్నీ ఒకే వెడల్పు ఉండాలి. మసీదులో పరిచి చూస్తే ఏడో కమాను ఇద్దరి సగాల్లోనూ నాలుగేసి వేళ్లు ఇరుకుగా వచ్చింది.

కమిటీ పెద్ద జహీరుద్దీన్ చాచా దాని మీద నిలబడి చూసి, "ఈడ మనిషి పడ్తలేడు" అన్నాడు. అక్కడున్న అందరూ మా ఇద్దరినీ చూశారు. నేను నేలను చూశాను. పాండురంగం మామ కళ్లద్దాలు తీసి అంగీ కొసతో తుడుచుకొని, "నా కండ్లు మంచిగ లేవు భాయ్. తప్పు నాదే" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన మగ్గం దగ్గరికి రాలేదు.

తప్పు ఆయనది కాదు. ఏడో కమాను నేసిన రోజు నా ఫోను నా మోకాలి పక్కన గట్టు మీద ఉంది. ఆ సంగతి నాకు తెలుసు, ఇప్పుడు మీకు తెలుసు. ఇంకెవరికీ తెలియదన్న ధైర్యంతో పదకొండు రోజులు బతికాను.

ఉత్తగా బతకలేదండీ, మంచి పేరు కూడా సంపాదించుకున్నాను. మసీదు నుంచి వచ్చిన మూడో రోజు నా భార్య స్నేహలత చేతిలో ఫోను పెట్టి, "ఇది నాకు కనపడనియ్యకు" అన్నాను. ఎందుకో చెప్పలేదు. ఆమె దాన్ని చింతపండు డబ్బాలో పెట్టి మూత బిగించింది. సాయంత్రం చాయ్ తాగాక ఇరవై నిమిషాలు మాత్రం ఇస్తుంది, ఆ ఇరవై నిమిషాలూ చేతి గడియారం పెట్టుకొని నా ఎదురుగా కూర్చుంటుంది. అంతకుముందు నేను రోజుకు ఎంతసేపు చూసేవాడినో ఆ ఫోనే లెక్క కట్టి చూపించింది, ఆరు గంటలకు కొంచెం పైన. ఎవరో వంట చేస్తుంటే చూడడం, ఎవరో పడిపోతుంటే చూడడం, ఎవరో ఎవరినో తిడుతుంటే కింద ఇంకెవరెవరు తిట్టారో చూడడం. ఆ ఆరు గంటల్లో నాకు కావలసినది ఒక్కటీ లేదు. అయినా మొదటి రెండు రోజులు అన్నం తింటుంటే ఎడమచేతి బొటనవేలు దానంతటదే తొడ మీద పైకీ కిందికీ కదిలేది. ఐదో రోజు మా వాడకట్టులోనే జంపఖానాలు నేసే మహిపాల్ దగ్గర "ఒక్క కాల్ చేసుకుంట తమ్మీ" అని ఫోను అడిగి తీసుకొని, గోడ వెనక నక్కి ముప్పావుగంట చూశాను. మహిపాల్ వచ్చి నన్ను ఆ స్థితిలో చూశాడు. పాపం, ఎవరికీ చెప్పలేదు.

వాడకట్టు మాత్రం నన్ను మెచ్చుకుంది. స్నేహలత తన సంఘం ఆడవాళ్లకు చెప్పింది, వాళ్లు వాళ్ల మగవాళ్లకు చెప్పారు. "సదానందాన్ని చూసి నేర్చుకోరాదు" అని నా పేరు మూడిళ్లలో వినపడింది. చిలుకమ్మ అయితే తన అల్లుణ్ణి చెయ్యి పట్టుకొని తోలుకొచ్చి, "జర బుద్ధి చెప్పు బిడ్డా, బాత్రూంలకు గూడ ఫోన్ తీస్కపోతాండు" అంది. నేను కాలు మీద కాలు వేసుకొని అరగంట బుద్ధి చెప్పాను. మనసు నిలకడ గురించి, పని మీద భక్తి గురించి చెప్పాను. అదంతా తలచుకుంటే ఇప్పటికీ చెవులు కాలుతాయి. ఏ తప్పు దాచడానికి ఫోను మానేశానో ఆ తప్పు మీదనే కూర్చొని పెద్దమనిషినయ్యాను.

ఇదీ కథ. ఆదివారం పొద్దున ఆ తలుపు ముందు నిలబడడానికి ఇంకో కారణం కూడా ఉంది. తెల్లవారితే సోమవారం. మసీదు జంపఖానా మళ్లీ మొదటి నుంచి నేయడం మొదలుపెట్టాలి. మామ జాగాలో మహిపాల్ కూర్చుంటాడు. ఒకసారి కూర్చున్నాక లేవమనలేం. నలభై ఏళ్లు నేసిన మనిషి కళ్లు లేనివాడని మగ్గం దిగిపోతాడు. ఆపాలంటే ఇవాళే ఆపాలి.

నేను కొట్టకముందే తలుపు తెరుచుకుంది. భద్రమ్మత్త చేతిలో చాటతో నిలబడి ఉంది.

"ఏందిరా సదానందం, తలుపు కొట్టకుంట గట్ల నిలవడ్డవ్? లోపటికి రా బిడ్డా. మీ మామ పొద్దున కూడ నిన్నే యాది చేసిండు."

లోపల మామ కిటికీ పక్కన మంచం మీద కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి చేతిలోని పేపరు మడిచి తలగడ కిందికి నెట్టాడు. కళ్లద్దాలు లేవు. కళ్లు పోయిన మనిషికి పేపరుతో ఏం పని అని నాకు అప్పుడు తట్టలేదు. నా లోపల నేను చెప్పాల్సిన మాటలు వరసగా పేర్చుకుంటున్నాను. మామా, తప్పు నాదే. నాలుగు పదాలు కూడా లేవు అందులో.

"కూసో," అన్నాడు మామ.

నేను పీట మీద కూర్చునేలోపలే అత్త అందుకుంది. "నిన్న కండ్ల దవాఖానకు తీస్కపోయిన రా. డాక్టరమ్మ లైటు కొట్టి కొట్టి చూసింది. రెండేండ్ల కింద ఏసిన అద్దం మంచిగనే ఉన్నది, సూదిల దారం ఎక్కియ్యొచ్చు అన్నది. ఈయనేమో కనవడ్తలేదంటడు. నేను ఎవలి మాట నమ్మాలె చెప్పు? హైదరాబాద్ తోల్కపోదామని మధును స్టేషన్ ఘన్‌పూర్ నుంచి పిలిపిచ్చిన. కోతలు నడుస్తానయి, అయినా పని ఇడిసిపెట్టి రాత్రే వచ్చిండు."

మధు వాళ్ల కొడుకు. వరికోత మిషన్ నడుపుతాడు. పెరట్లో మొహం కడుక్కుంటున్న చప్పుడు వినపడుతోంది.

"హైదరాబాదు ఎందుకు," అన్నాడు మామ. "ఏం అవసరం లేదు." మంచం కింది నుంచి తువ్వాలలో చుట్టిన మూట తీసి నా ఒళ్లో పెట్టాడు. విప్పకుండానే తెలిసింది. ఆయన పంజా. నేసిన వరుసను కొట్టి బిగించే ఇనుప పనిముట్టు అది, చేతివేళ్లలా పళ్లు ఉంటాయి. చెక్క పిడి ఆయన చేతి వాటానికి అరిగిపోయి ఉంటుంది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నన్ను ముట్టుకోనివ్వలేదు.

"నీ దగ్గర పెట్టుకో. రేపటి సంది మహిపాల్ కూసుంటాండట గద నా జాగల."

"అవును మామా... చాచా అట్ల అన్నడు..."

"ఏమన్నడు చాచా?"

"మీ చెయ్యి పడొద్దన్నడు."

"నువ్వేమన్నవ్?"

నేను తువ్వాల ముడి సరిచేశాను. "సరే అన్న."

మామ తల ఊపాడు. కోపం లేదు, బాధ కూడా నాకు కనపడలేదు. తెలిసిన లెక్కను ఇంకోసారి సరిచూసుకున్నట్టు ఊపాడు. నాకైతే ఆ పీట కింద భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. నోరు కూడా తెరిచాను. సరిగ్గా అప్పుడే మధు తువ్వాలతో మొహం తుడుచుకుంటూ వచ్చి, నన్ను చూసి గట్టిగా నవ్వాడు.

"బావా! నీకోసమే అనుకుంటాన. నీకు పెద్ద థ్యాంక్స్ చెప్పాలె."

"నాకెందుకు బామ్మర్ది?"

"ఎందుకంటవేంది! నా మిషన్ వీడియోలు యాభై మంది గూడ చూడరు. నువ్వొక్కనివే ఒక్క రోజుల పందొమ్మిది లైకులు కొట్టినవ్. ఆరు కామెంట్లు. మా ఓనర్‌కు చూపెట్టిన, చూడు సార్, మా బావ జంపఖానాలు నేస్తడు, ఎంత బిజీ మనిషి, అయినా నావి చూస్తాండు అని."

నా ఒళ్లో పంజా బరువెక్కింది. "ఆ... అదేదో అట్ల..." అన్నాను.

"నువ్వు ఫోన్ బంద్ పెట్టినవట గద, అమ్మ చెప్పింది. మంచిగ చేసినవ్ గని నాకే నష్టం." మధు పక్కన కూర్చొని తన ఫోను తీసి వాళ్ల అమ్మకు చూపించాడు. "ఇగో చూడే. 'సూపర్ బామ్మర్ది.' ఇంకోటి, 'మన వరంగల్ పవర్.' ఇది చూడు, మిషన్ బురదల దిగవడ్డది గద, దానికి 'జాగ్రత్త రా తమ్మీ' అని రాసిండు. ఎంత ప్రేమనో."

"ఇవన్ని ఎప్పుడు రాసిండు?" అని అడిగింది అత్త. ఆమె మాటలో ఏ అనుమానమూ లేదు. కొడుకును మెచ్చుకున్నారంటే ఇంకాస్త వినాలని ఏ తల్లికైనా ఉంటుంది.

"టైము గూడ ఉంటది. గురువారం. రెండున్నర కాడ మొదలు వెట్టిండు, మూడుంబావు దాక వరుసగ కొట్టిండు."

"ఏ గురువారం?"

మధు తారీఖు చెప్పాడు.

అత్త చాటలో బియ్యం ఏరుతున్న చెయ్యి ఆపింది. "గురువారం నాకు ఒక్కపొద్దు గద. ఆ రోజు మీ ఇద్దరికి సద్ది నేనే తెచ్చిన మగ్గం కాడికి. ఒంటి గంటకు తిన్నరు. తిన్నంక మళ్ల మగ్గం ఎక్కిన్రు." ఆమె నా వైపు తిరిగింది. "నీకు దగ్గు లేస్తాందని మామ చెప్తే మిరియాల కషాయం కాసి మళ్ల తెచ్చిన. యాదికున్నదా?"

యాదికి ఉంది. ఎందుకు ఉండదు? ఆ కషాయం సంగతి మీకు పోయిన వారం చెప్పలేదు, చెప్పడానికి మొహం చెల్లలేదు. మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఇద్దరు నేసే మగ్గం మీద లెక్క ఒక్కరే చెప్పాలి. రెండోవాడు లోపల కూడా లెక్కపెట్టకూడదు. ఇద్దరు లెక్కపెడితే ఇద్దరూ తప్పుతారు. మా మగ్గం మీద లెక్క చెప్పేది నేను. కమానుకు మూడు వందల వరుసలు. పది వరుసలు కొట్టగానే పది అని, ఇంకో పది కొట్టగానే ఇరవై అని గట్టిగా అంటాను. మామ నా మాటను బట్టి రంగు మారుస్తాడు. ఆ గురువారం నా మాట రెండుసార్లు మధ్యలో ఆగింది. "ఏమైందిరా" అని మామ అడిగితే దగ్గు వచ్చిందన్నాను. నిజమనిపించడానికి నాలుగుసార్లు దగ్గాను కూడా. ఎండ తగ్గాక పోదామని బయట నీడలో కూర్చున్న అత్తకు ఆయన కేకేసి చెప్పాడు. ఎండలో నడిచి ఇంటికి పోయి, పొయ్యి వెలిగించి, కషాయం కాసుకొని, ఒక్కపొద్దున్న మనిషి, మళ్లీ అంత దూరం నడిచి వచ్చింది.

"యాదికున్నది అత్తమ్మా," అన్నాను.

"మరి మగ్గం మీదుండి వీని వీడియోలు ఎట్ల చూసినవ్?"

మధు నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, దాన్ని ఏం చేయాలో అతనికి తెలియడం లేదు. నన్నూ వాళ్ల నాన్ననూ మార్చి మార్చి చూశాడు.

"మధూ, ఫోన్ జేబుల పెట్టు," అన్నాడు మామ. తర్వాత నా వైపు చూశాడు. అద్దాలు లేకుండా, నేరుగా, నా కళ్లలోకి. "గోడ మీద బొగ్గుతోని రాసిపెట్టిన నేను. ఒక్కో దినం ఒక్కో కమాను. ఏడోది గురువారం. సదానందం, నూటనలభై అన్నంక ఏమన్నవ్?"

"మామా..."

"ఏమన్నవ్?"

"నూటఎనభై అన్న."

"నడుమ నలభై వరుసలు యాడ పోయినయ్?"

అప్పుడైనా నేను ధైర్యంగా చెప్పి ఉంటే ఎంత బాగుండేది. నా గొంతు చిలుకమ్మ అల్లుడి ముందు ఎంత గంభీరంగా ఉందో, ఇక్కడ అంత సన్నగా వచ్చింది. "మిషన్ బురదల దిగవడ్డది మామా. బయటికి వస్తదా రాదా అని చూసిన."

మధు తల పట్టుకున్నాడు.

మామ తలగడ కింది నుంచి పేపరు తీసి మంచం మీద పెట్టాడు, ఇంక దాచే పని లేదన్నట్టు. "నా కండ్లు పోయి ఉంటే నా దిక్కే తప్పు రావాలె. రెండు దిక్కుల సమానం నాలుగు వేళ్లు తగ్గిందంటే అది కండ్లు కాదు, లెక్క. మసీదుల పరిచిన్నాడే తెలిసింది నాకు. నలభై ఏండ్లు నేసినోనికి గీ మాత్రం తెల్వదా?"

"మరి తప్పు మీదని ఎందుకు అన్నరు మామా?"

"అంత మంది ముంగట నీ ఇజ్జత్ పోతదని. ఇంకా ముప్పై ఏండ్లు నేసేటోనివి. నా పేరు పోతే నాలుగు దినాలు మాట్లాడుకొని ఇడిసిపెడ్తరు. గంతే అనుకున్న." ఆయన పేపరు మడతను వేలితో ఒత్తాడు. "పొద్దుగూకే వరకు నువ్వొస్తవ్ అనుకున్న రా. మామా నాదే తప్పు అంటవ్, నాలుగు తిట్లు తిడ్త, తెల్లారి ఇద్దరం పోయి మగ్గం మీద కూసుంటం, చాచాకు ఏదో సర్ది చెప్పుకుంటం అనుకున్న. రాలే. తెల్లారి రాలే. మూడో రోజు నువ్వు ఫోన్ బంద్ పెట్టినవని వాడకట్టంత చెప్పుకున్నరు. నాకు సంబురమైంది. వీనికి సమజైంది, ఇగ ఇయ్యాల వస్తడు అని అంగీ గూడ తొడుక్కొని కూసున్న."

నేను ఏడ్చాను. చెప్పుకోవడానికి ఇందులో ఏ గొప్పా లేదు. ఆ ఎనిమిది రోజులు ఆయన అంగీ తొడుక్కొని నాకోసం కూర్చుంటే, నేను నాలుగు సందుల అవతల పెద్దమనిషిలా కాలు ఊపుకుంటూ పొగడ్తలు విన్నాను. ఫోను మానేయడం నాకు ప్రాయశ్చిత్తంలా అనిపించింది. నిజానికి అది దాక్కోవడానికి ఇంకో చోటు. ముందు ఫోనులో దాక్కున్నాను, తర్వాత ఫోను మానేశానన్న పేరు వెనక దాక్కున్నాను.

అనుకోనిది ఏమిటంటే, ముందు అత్తకు కోపం వచ్చింది మామ మీద.

"ఓ మనిషీ! పదకొండు దినాల సంది నేను నీకు అన్నం కలిపి చేతుల పెడ్తాన! నీళ్ల చెంబు అందిస్తాన! వాకిట్లకు పోవాలంటే చెయ్యి పట్టుకుంటాన! కనవడ్తాంటే కనవడ్తాందని నాకన్న చెప్పొద్దా?"

"నీకు చెప్తే వాడకు చెప్పినట్టే," అన్నాడు మామ.

"చెప్పేదాన్నే! ఎందుకు చెప్పకపోదును? గుడ్డి పాండురంగం అంటాన్రు బయట, నా చెవులతోని ఇన్న!" ఆమె చాట కింద పెట్టి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత నా వంతు వచ్చింది. గట్టిగా అంటుందేమో అనుకున్నాను. చాలా మెల్లగా అడిగింది. "సదానందం, నీకు దగ్గు లేకుండె గద. ఆ కషాయం ఏం చేసినవ్? పారబోసినవా?"

"తాగిన అత్తమ్మా."

"మొత్తం?"

"మొత్తం."

"తాగినవ్," అంది ఆమె. రెండు చెంపలూ వాయించి ఉంటే ఇంతకంటే సులువుగా ఉండేది.

నేను పంజా మూట మంచం మీద పెట్టి, వంగి మామ కాళ్లు పట్టుకోబోయాను. ఆయన కాళ్లు పైకి లాక్కున్నాడు. "అదొద్దు. నాకు తెలిసిన సంగతే నాకు చెప్పినవ్, గది కూడ మధు చెప్పినంక. దాంట్ల ఏమున్నది? తెల్వనోళ్లకు చెప్పాలె."

"చెప్త మామా. రేపు పొద్దుగాలనే పరకాల బస్సెక్కి పోయి చాచాకు..."

"రేపా?"

ఆయన ఆ ఒక్క మాటే అన్నాడు. అప్పుడు వాకిట్లో గాజుల చప్పుడైంది. తల తిప్పి చూశాను. గడప అవతల స్నేహలత నిలబడి ఉంది. చేతిలో నా ఫోను. వేగంగా నడిచి వచ్చిందేమో, మొహమంతా చెమట పట్టింది. కానీ ఆయాసం తగ్గిపోయి ఉంది. అంటే వచ్చి కాసేపైంది.

ఎప్పటి నుంచి నిలబడిందో అడగనక్కర లేకపోయింది. ఆమె మొహమే చెప్పింది. వాడకట్టంతా తిరిగి నా గురించి గొప్పగా చెప్పుకున్న మనిషి. మొన్న చాచా ఫోను చేసి ఈసారి పని సరిగ్గా వస్తుందా అని అడిగితే, "మా ఆయన మనిషే మారిండు చాచా, ఆయన మాట నమ్మున్రి" అని నా తరపున హామీ ఇచ్చిన మనిషి. ఎందుకు మారానో ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. అడగకుండా సంతోషపడింది. నాకు మామ కళ్లలోకి చూడడం కంటే ఆమె కళ్లలోకి చూడడం కష్టమైంది.

"చాచా ఫోన్ చేసిండు," అంది స్నేహలత. మాటలో ఎత్తూ పల్లమూ లేదు. "రేపటి పని గురించి నీతోనే మాట్లాడాల్నట, అర్జెంటట. పని ఫోన్ గదా అని డబ్బాల నుంచి తీసి పట్టుకొచ్చిన. లైన్లనే ఉన్నడు."

లోపలికి వచ్చి ఫోను నాకు అందించి, నా ఎదురుగా కూర్చుంది. చింతపండు వాసన వేసింది. ఎనిమిది రోజులుగా ఆ వస్తువు ఎప్పుడు చేతికి వస్తుందా అని నేను పడిన తపన మీకు తెలుసు. సాయంత్రం నాలుగు గంటల నుంచే గడియారం చూసేవాడిని. ఇప్పుడు అది నా అరచేతిలో ఉంది, దాన్ని పట్టుకోవాలని లేదు. తెర మీద చాచా పేరు, దాని కింద అంకెలు కదులుతున్నాయి. ఏడు నిమిషాల నలభై సెకన్లు. నలభై ఒకటి. నలభై రెండు. మా ఇంటి నుంచి మామ ఇంటికి నడక మూడు నిమిషాలు.

అంకెల కింద ఎర్రటి గుండ్రం ఉంది. ఒక్కసారి ముట్టుకుంటే ఫోను కట్ అవుతుంది. సిగ్నల్ పోయింది చాచా అనొచ్చు. రేపు పొద్దున బస్సు ఎక్కొచ్చు, ఎక్కకపోవచ్చు. అబద్ధం చెప్పడానికి నోరు కూడా అక్కరలేదు, బొటనవేలు చాలు. అది అప్పటికే ఆ గుండ్రం మీదికి జరిగింది. నేను జరపలేదు. ఆరు గంటల చొప్పున ఏళ్ల తరబడి నేర్పిన వేలు అది.

మామ నా వేలునే చూస్తున్నాడు. ఆయనకు చాలా బాగా కనపడుతోంది.

ఫోను మంచం మీద, పంజా మూట పక్కన పెట్టాను. స్పీకర్ నొక్కాను. "చాచా," అన్నాను.

"బోల్ బేటా," అంది ఆ గొంతు, చాలా దగ్గరగా. "నేను వింటనే ఉన్న, ఇందాకటి సంది. తప్పుడు లెక్క అని, కషాయం అని ఏందేందో వినవడ్డయ్, పూరా సమజ్ కాలే. అందుకే ఫోన్ పెట్టెయ్యలే. ఈడ మసీదు ముంగట కమిటోళ్లం అందరం కూసున్నం. నేను గూడ స్పీకరే పెట్టిన. చెప్పు, అసల్ బాత్ ఏంది?"

అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆ రోజు మసీదులో అందరూ నన్ను చూసినప్పుడు నేను నేలను చూశాను. ఇప్పుడు కూడా తల దించుకున్నాను. కానీ నేల మీద స్నేహలత కూర్చొని ఉంది, నా మొహంలోకే చూస్తూ.